అవి దెయ్యాల కథలు కావండీ

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ప్రపంచ హారర్ రచయితల మీద వేసిన వ్యాసం చదివాను. మొత్తం మీద బాగానే ఉంది. కానీ హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ దగ్గరికొచ్చేసరికి "అమెరికా దెయ్యాల కథల రచయిత" అని ఒక్క ముక్కలో తేల్చేసి, పక్కన ఆక్టోపస్ మొహం బొమ్మ ఒకటి వేసి, దాని కింద "తప్పక చదవాల్సిన కథ: ది కాల్ ఆఫ్ క్తుల్హు" అని పెట్టి, ఇంకో రచయిత దగ్గరికి వెళ్లిపోయారు. అది చూసి నాకు మండింది, నాకంటే మా టీకొట్టు బ్యాచ్‌కి ఎక్కువ మండింది, అందరూ కలిసి నువ్వే రాయి అని నా మీదకి తోశారు. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి, కానీ దయచేసి ఆ "దెయ్యాల" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి. ఆయన పేరున్న కథల్లో మీరు అనుకునే దెయ్యం, అంటే చచ్చిపోయి పగబట్టి తిరిగొచ్చే మనిషి, దొరకడం కష్టం.

నేను ఆర్‌ఎమ్మెస్‌లో, అదే రైల్వే మెయిల్ సర్వీసులో, 31 ఏళ్లు సార్టింగ్ చేసి రిటైరైనవాణ్ణి. రాత్రంతా కదిలే పెట్టెలో నిలబడి ఊళ్ల పేర్లున్న గళ్లలోకి ఉత్తరాలు వేయడమే మా పని. సికింద్రాబాద్‌లో దిగిన రోజు ఆదివారమైతే నిద్ర మానుకుని ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకి పోయేవాణ్ణి. అలా ఒకసారి ఎనిమిది రూపాయలకి అట్ట లేని పుస్తకం కొన్నాను. మొదటి కథ సగంలోంచి మొదలవుతోంది, రచయిత పేరున్న పేజీ కూడా చిరిగిపోయింది. ఎవరు రాశారో తెలియకుండానే నాలుగు కథలు చదివేశాను. నా తర్వాతి డ్యూటీలో, అర్ధరాత్రి దాటాక, పెట్టె చివర పేర్చిన మెయిలు బ్యాగుల వైపు చూడ్డానికి ఎందుకో మనసొప్పలేదు. అప్పటికి నాకు పెళ్లై ఇద్దరు పిల్లలు, ఆ వయసులో బ్యాగుల్ని చూసి భయపడ్డానంటే నవ్వకండి.

మీరు సంపాదకులు కాబట్టి మీకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్తాను. లవ్‌క్రాఫ్ట్ అనే రచయిత తయారైందే పాఠకుల ఉత్తరాల పేజీలో. 1890లో రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్‌లో పుట్టాడు. తండ్రికి మతి చలించి ఆసుపత్రి పాలై, పిల్లాడికి ఎనిమిదేళ్లు నిండకముందే పోయాడు. పెంచిన తాత 1904లో పోయాడు, ఆయనతోపాటే ఆస్తీ ఇల్లూ పోయాయి. నరాల జబ్బుతో హైస్కూలు చదువు పూర్తికాలేదు. పిల్లాడికి ఉన్నదల్లా నక్షత్రాల పిచ్చి. 1906లో, ఇంకా పదహారేళ్లు నిండలేదు, ఊళ్లో పేపర్లో ఒక జ్యోతిష్కుడు అంగారకుడు సూర్యుడి మీదుగా దాటతాడన్నట్టు రాస్తే, అంగారకుడి దారి మన భూమి దారికి అవతల ఉందయ్యా, అది సూర్యుడికీ మనకీ మధ్యలోకి ఎలా వస్తుంది అని సంపాదకుడికి ఉత్తరం రాశాడు. వేశారు. అదే ఆయన పేరు మొదటిసారి అచ్చులో కనపడ్డం. అదే ఏడాది సైంటిఫిక్ అమెరికన్‌కి ఇంకో ఉత్తరం, నెప్ట్యూన్ అవతల ఇంకా గ్రహం ఉండొచ్చు, ఖగోళశాస్త్రజ్ఞులంతా కలిసి వెతకండి అని. 1930లో ప్లూటో దొరికింది. దాని సంగతి మళ్లీ వస్తుంది.

1913లో అసలు గొడవ. ఆర్గొసీ అని ఒక కథల పత్రిక, అందులో ఫ్రెడ్ జాక్సన్ అనే ఆయన ప్రేమకథలు తెగ వస్తుంటే మనవాడికి ఒళ్లు మండి సంపాదకుడికి ఉత్తరం రాశాడు. జాక్సన్ అభిమానులు ఊరుకుంటారా! ఒకాయన పద్యంలో తిట్టాడు. ఈయన పద్యంలోనే జవాబిచ్చాడు. నెలల తరబడి పద్యానికి పద్యం నడిచింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన తిరుపతి వెంకట కవులు పత్రికల్లో చేసిన పద్యాల యుద్ధాలు తెలిసినవాళ్లకి ఈ సరదా చెప్పక్కర్లేదు. ఆ పోట్లాట చూసిన ఒకాయన 1914లో ఈయన్ని ఔత్సాహిక పత్రికల సంఘంలోకి పిలిచాడు. గదిలోంచి బయటికి రాని మనిషి అక్కణ్నుంచే మనుషుల్లో పడ్డాడు, కొన్నేళ్లకి కథలూ మొదలుపెట్టాడు. అందుకని నా ఉత్తరం చెత్తబుట్టలో వేసేముందు ఒక్క క్షణం ఆలోచించండి.

మా బ్యాచ్ సంగతికి వస్తాను. మేం నలుగురం. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి దిగిన మా బావ, కాలేజీలో ఫిజిక్సు చెప్పే లెక్చరరు, డాలస్ నుంచి ఏడాదికొకసారి సంక్రాంతికి వచ్చే మా అన్నయ్య కొడుకు, నేను. పండగ మూడు రోజులూ కోడిపందేల వైపు పోకుండా ఏ కథ గొప్పదని కొట్టుకునే మగాళ్లు ఈ జిల్లాలో మేం తప్ప ఉండరని మా చెల్లెలి అభిప్రాయం. నలుగురికీ నాలుగు కథలు. ఒకరి కథ ఒకరు ఒప్పుకోరు. మేం నలుగురం ఒప్పుకున్నదల్లా ఒకటే, మీరు పెట్టిన క్తుల్హు ఎవరికీ మొదటి స్థానం కాదు.

చెడ్డ కథ అని కాదు. 1926లో రాశాడు, వియర్డ్ టేల్స్ అనే వింత కథల పత్రిక సంపాదకుడు ఫార్న్స్‌వర్త్ రైట్ మొదట వద్దన్నాడు, మళ్లీ అడిగించుకుని 1928 ఫిబ్రవరి సంచికలో వేశాడు. చివర్లో క్తుల్హు అనే ఆ కొండంత ఆకారం సముద్రంలోంచి లేచి పడవ వెంటపడ్డం మీ ఆర్టిస్టుకి నచ్చినట్టుంది, నాకు మాత్రం అక్కడే కథ కాస్త పలచబడుతుంది. నావికుడు పడవ తిప్పి దాని తలకాయకే గుద్దేస్తాడు. నన్ను పట్టుకున్నది అది కాదు. ఒక మ్యూజియంలో అరల మీద రాళ్లు పెట్టి ఉంటాయి, వాటి కింద పాత పేపర్లు పరిచి ఉంటాయి, కథ చెప్పేవాడి కన్ను యథాలాపంగా ఆ పేపర్లో ఒక బొమ్మ మీద పడుతుంది. 1925 ఏప్రిల్ 18 నాటి సిడ్నీ బులెటిన్. అంతవరకూ విడివిడిగా ఉన్న ముక్కలన్నీ ఆ కాయితం దగ్గర అతుక్కుంటాయి. మా ఇంట్లో పోపుడబ్బాల కింద మీ పేపరే పరుస్తాం. ఆ కథ చదివినప్పటి నుంచి డబ్బా జరిపితే కింద ఏముందో ఒకసారి చదవకుండా ఉండలేకపోతున్నాను.

ఇంకో మాట, ఆ పేరు పలకడం గురించి మీవాళ్లు నోరు తిరగని పేరు అని జోకు వేశారు. నోరు తిరగకూడదనే పెట్టాడండీ, మనిషి గొంతుతో పుట్టని మాట అది అని ఆయనే స్నేహితులకి రాశాడు. అయినా ఆయన చెప్పిన పలుకు ఖ్లుల్-హ్లూ లాంటిది. వాళ్లకి కష్టం గానీ ఒత్తుల మీద ఒత్తులు పెట్టుకునే మనకేం కష్టం.

ఇక నా కథ. ది విస్పరర్ ఇన్ డార్క్‌నెస్, 1931 ఆగస్టు వియర్డ్ టేల్స్. 1927లో వెర్మాంట్‌లో నిజంగానే పెద్ద వరదలొచ్చాయి. కథలో ఆ వరద నీళ్లలో ఏవో గులాబీరంగు పీతల్లాంటి కళేబరాలు కొట్టుకొచ్చాయని పుకారు లేస్తుంది, పేపర్లలో పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకుంటారు. విల్‌మార్త్ అని ఒక సాహిత్యం మాస్టారు, ఇవన్నీ పాత జానపద కథలు, మీ కళ్లు మిమ్మల్ని మోసం చేశాయి అని గట్టిగా రాస్తాడు. అప్పుడు కొండల్లో ఒంటరిగా ఉండే ఏక్‌లీ అనే పెద్దాయన నుంచి ఉత్తరం వస్తుంది: బాబూ, నువ్వు పేపర్లో అలాగే రాస్తుండు, జనం ఇటు రాకుండా ఉంటారు, కానీ నువ్వు రాసింది తప్పు, ఆ పీతల్లాంటి జీవులు ఇక్కడ నిజంగానే ఉన్నాయి.

అక్కణ్నుంచి సగానికి పైగా కథ ఉత్తరాల్లోనే. పోస్టులో పనిచేసినవాడు తప్ప ఇంకెవరూ ఈ కథని నాలాగా చదవలేరని నా పొగరు. ఉత్తరాలు ఆలస్యం అవుతుంటాయి. కొన్ని అసలు చేరవు. ఒక నల్లరాయిని పెట్టెలో పెట్టి రైలు పార్శిల్‌లో పంపుతాడు. దారిలో, కీన్ అనే స్టేషన్లో, ఎవడో బొంగురుగా జుమ్మనే గొంతువాడు వచ్చి రైల్లో ఉన్న పార్శిల్ గుమాస్తాతో మాట కలుపుతాడు, అతని మాట వింటుంటే గుమాస్తాకి కళ్లు బరువెక్కుతాయి, ఏం మాట్లాడుకున్నారో సరిగా గుర్తుండదు, పెట్టె మాయం. అంతే. రక్తం లేదు, కేక లేదు. నేను రాత్రి డ్యూటీల్లో ఎన్నిసార్లు తూగానో నాకు తెలుసు. ఏ స్టేషన్లో ఎవరు వచ్చి ఏమడిగారో, నేనేం చెప్పానో, ఏ బ్యాగు ఎటు పోయిందో!

తర్వాత ఏక్‌లీ పేరుతో ఒక టెలిగ్రాం వస్తుంది, అందులో సంతకంలోనే స్పెల్లింగు తప్పు. ఆఖరికి ఒక ఉత్తరం వస్తుంది. అంతకుముందువన్నీ వణికే చేతిరాత, ఇది నీటుగా టైపు కొట్టింది, సంతకంతో సహా. అంతా సర్దుకుంది, వాళ్లు మంచివాళ్లే, నువ్వు ఒక్కసారి రా, వచ్చేటప్పుడు నేను రాసిన ఉత్తరాలన్నీ, ఫొటోలూ, వాళ్ల గొంతు పట్టిన రికార్డూ తీసుకురా అని. ప్రపంచంలో నన్ను ఇంత భయపెట్టిన శుభవార్త ఇంకోటి లేదు. వాళ్లెవరు, ఎక్కణ్నుంచి వచ్చారు అంటే, నెప్ట్యూన్ అవతలి గ్రహం నుంచి. కథ రాస్తున్న ఏడాదే ప్లూటో దొరికిన వార్త వచ్చింది, దాన్నీ కథలో కలిపేశాడు. పదిహేనేళ్లప్పుడు సంపాదకుడికి రాసిన ఉత్తరం ఇరవై నాలుగేళ్ల తర్వాత అలా కథలోకి వచ్చి కూర్చుంది. ముగింపు చెప్పను. కుర్చీలో మూడు వస్తువులుంటాయి అని మాత్రం చెప్తాను.

మా అన్నయ్య కొడుకు దీన్ని ఒప్పుకోడు. "బాబాయ్, ఆ మాస్టారు మరీ అమాయకుడు, టైపు ఉత్తరం చూడగానే నాకే తెలిసిపోయింది" అంటాడు. నిజమే. చదివేవాడికి ముందే తెలిసిపోతుంది, వాడికి తెలియదు. ఇది లోపమే అని వాడు, అదే గొప్ప అని నేను. వాడి కథ ది షాడో ఓవర్ ఇన్స్‌మత్. పాడుబడ్డ రేవు పట్నం, రెప్పవేయని కళ్లున్న జనం, రాత్రి లాడ్జి గది తలుపు అవతల ఎవరో గడియ తిప్పి చూడ్డం. ఆ లాడ్జి సీను గురించి గంట మాట్లాడతాడు, ఆ కథలోంచి పుట్టిన వీడియోగేములు కూడా ఆడాడట. లవ్‌క్రాఫ్ట్ బతికుండగా పుస్తకంగా వచ్చింది ఈ కథ ఒక్కటే, 1936లో, కొన్ని వందల కాపీలు, బోలెడు అచ్చుతప్పులు. నాలుగు నెలలకి, 1937 మార్చి 15న, పేగు క్యాన్సరుతో పోయాడు. 46 ఏళ్లు.

లెక్చరరు గారిది ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్. అంటార్కిటికాలో మంచు కింద మనుషులకి కోట్ల ఏళ్ల ముందటి నగరం. వియర్డ్ టేల్స్ వాళ్లు 1931లో మరీ పొడుగు అని తిప్పికొట్టారు, ఆ దెబ్బకి మనిషి చాలాకాలం కోలుకోలేదు. ఐదేళ్లకి ఇంకో పత్రిక వేసింది గానీ పేరాలు ముక్కలు చేసి వేసిందని ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. నాకు ఆ కథ మధ్యలో నిద్రొస్తుంది, లెక్చరరు గారు క్షమించాలి, శిలల వయసుల లెక్కలు ఆయనకే ముద్దు. కానీ ఒక చోట మాత్రం ఇద్దరం ఒకటే మాట. మంచులోంచి లేచిన ఆ వింత జీవులు మనుషుల్ని కోసి పరీక్షించాయని మనం అసహ్యించుకుంటూ ఉండగా, కథ చెప్పేవాడికి తడుతుంది, ఆ జీవుల్ని ముందు కోసింది మన శాస్త్రజ్ఞులే కదా అని. నిద్రలేచి చూస్తే తమ లోకమే లేదు, చుట్టూ బొచ్చు కుక్కలు అరుస్తున్నాయి, పాపం వాటి స్థానంలో ఉంటే మనం మాత్రం ఏం చేస్తాం? వాళ్లు ఎవరైనా కానీ, వాళ్లూ మనుషులే అంటాడు. ఎవరు రాశారు ఈ వాక్యం అన్నది కాసేపట్లో మళ్లీ గుర్తు చేస్తాను.

మా బావ కథ ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్. నేను నా కథ కోసం ఎంత గొంతు చించుకున్నా, రాత్రి పడుకునేటప్పుడు మాత్రం బావే గెలిచాడని ఒప్పుకుంటాను. రచయిత కూడా తన కథల్లో ఇదే ఇష్టమన్నాడు. 1927లో హ్యూగో గెర్న్స్‌బాక్ పత్రిక అమేజింగ్ స్టోరీస్‌లో వచ్చింది, ఇచ్చింది 25 డాలర్లు, అదీ అడగ్గా అడగ్గా. అందుకే గెర్న్స్‌బాక్‌కి లవ్‌క్రాఫ్ట్ ఎలక అని పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద అవార్డు ఆ ఎలక పేరు మీదే ఉంది.

కథ చెప్పేవాడు ఒక సర్వేయరు. లోయలో రిజర్వాయరు కట్టబోతున్నారు, ముంపు కొలతలకి వెళ్తాడు. అక్కడ ఐదెకరాల్లో బూడిద తప్ప గడ్డిపోచ ఉండదు. ఎందుకని ఒక ముసలాయన్ని అడిగితే చెప్తాడు. 1882లో నేహమ్ గార్డ్‌నర్ అనే రైతు పొలంలో బావి పక్కన ఆకాశం నుంచి రాయి పడింది. చల్లారదు, రోజురోజుకీ కరిగిపోతుంది, లోపల ఏ రంగూ కాని రంగు గోళీ ఒకటి. ప్రొఫెసర్లు సుత్తితో కొడితే టప్పున పగిలి మాయమైంది. ఆ ఏడు తోటలో పండ్లు ఇంతింత లావు, నిగనిగ, కొరికితే చేదు. పంట మొత్తం పోయింది. తర్వాత చెట్లు గాలి లేకుండా కదులుతాయి, రాత్రిళ్లు పొలం మసకగా వెలుగుతుంది, పశువులు బూడిదరంగు తిరిగి పొడిపొడిగా రాలిపోతాయి, భార్యకి మతి చెడి అటక మీద గదిలో పెట్టి తాళం వేస్తారు. పక్క రైతు ఆ బావి నీళ్లు తాగొద్దు, వేరే బావి తవ్వుకో అంటాడు. వినరు. వదిలి పోనూ పోరు. ఎందుకు పోరు? ఇదే ప్రశ్న టీకొట్టు అబ్బాయి కూడా అడిగాడు. మా బావ గ్లాసు పక్కన పెట్టి, "పొలం వదిలి ఎవడు పోతాడ్రా" అన్నాడు.

మా బావ అమ్మమ్మగారి ఊరు పోలవరం ముంపు కింద ఉంది. ఆ ఊళ్ల కొలతలకి వెళ్లిన వాళ్లలో ఈయనా ఉన్నాడు. చైను పట్టుకుని ఒక్కో ఇల్లు, ఒక్కో చెట్టు, ఒక్కో బావి రాసుకుంటూ పోతే ముసలాళ్లు అరుగుల మీద కూర్చుని చూసేవారట, ఏమీ అనేవారు కాదట. అందుకని ఆ సర్వేయరు మాటల్లో బావకి వినపడేది నాకు వినపడదు. కథ చివర రంగంతా ఆకాశంలోకి లేచిపోతుంది, అమ్మయ్య అనుకుంటాం, కానీ ఒక్క కాస్త ముక్క మళ్లీ బావిలోకి జారడం ముసలాయన ఒక్కడే చూస్తాడు. ఆ లోయ మీదే నీళ్లు నిలబెట్టి పట్నానికి తాగడానికి ఇస్తారు. నేను మాత్రం ఆ నీళ్లు తాగను అంటాడు సర్వేయరు.

టీకొట్టు అబ్బాయి అంతా విని, "ఇంతకీ ఆ రంగుకి వీళ్ల మీద పగేంటండీ?" అన్నాడు. అదీ ప్రశ్న. పగ లేదు. అసలు వీళ్లున్నారనే దానికి తెలుసో లేదో. మన హారర్ ఎప్పుడూ పగ మీద నడుస్తుంది. ఎవడో చేతబడి చేయించాడు, ఎవత్తో ఉరేసుకుంది, అన్యాయం జరిగింది, దానికి శాంతి ఉంది, నిమ్మకాయ ఉంది, తాయెత్తు ఉంది, చివరి వారం మంత్రగాడు వస్తాడు. ఎనభైల్లో వారపత్రికల క్షుద్ర సీరియళ్లు చదివి పెరిగిన తరం మాది, వాటిని తక్కువ చేయను, వారం వారం సార్టింగ్‌లో ఆ పత్రికల కట్ట దొరికితే ముందు నేనే చదివేవాణ్ణి. కానీ అక్కడ ప్రపంచం మనిషి చుట్టూ తిరుగుతుంది. లవ్‌క్రాఫ్ట్ దగ్గర తిరగదు. ఆయన సంపాదకుడికి 1927లో రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు, మనుషుల చట్టాలకీ కష్టసుఖాలకీ ఈ పెద్ద విశ్వంలో ఏ విలువా లేదు, నా కథలన్నిటికీ అదే పునాది అని.

మనకి ఇది అస్సలు తెలియని సంగతి అని కూడా అనను. కన్నయ్య నోరు తెరిస్తే అందులో బ్రహ్మాండమంతా చూసి పోతన యశోద ఏమంది? "కలయో వైష్ణవ మాయయో" వరకు అందరికీ నోటికి వచ్చు, ఆ పద్యంలోనే ఇంకాస్త ముందుకి చూడండి, "యశోదాదేవిఁ గానో" అంటుంది. నేను అసలు యశోదనేనా అని! లవ్‌క్రాఫ్ట్ మనుషులు పిచ్చెక్కేది సరిగ్గా అక్కడే. తేడా ఏంటంటే యశోదకి వెంటనే మాయ కమ్మి అంతా మరిచిపోయి పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. క్తుల్హు కథ మొదటి వాక్యం కూడా ఇదే, తన బుర్రలో ఉన్న ముక్కలన్నీ మనిషి కలుపుకోలేకపోవడమే ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద దయ అని. లెక్చరరు గారు మాత్రం ఈ పోలిక వద్దంటారు. అక్కడ నోరు తెరిచినవాడు దేవుడు, ఇక్కడ ఎవడూ లేడు, నువ్వు సగమే పోలుస్తున్నావు అంటారు. సగమైనా పోలింది కదా అని నేను.

ఇప్పుడు చేదు సంగతి. మీ వ్యాసంలో ఇది ఒక్క ముక్క లేదు, ఉండాల్సింది. ఈయన పచ్చి జాత్యహంకారి. ఎక్కడో ఒక మాట జారడం కాదు, ఉత్తరాల నిండా ఉంది, కథల్లోకీ వచ్చింది. 1924లో యూదు ఆవిడ సోనియా గ్రీన్‌ని పెళ్లాడి న్యూయార్క్ వెళ్లి, అక్కడి వలస జనాన్ని చూసి ఓర్వలేక ది హారర్ ఎట్ రెడ్ హుక్ అని ఒక కథ రాశాడు, భయం కంటే కంపరం ఎక్కువ కలుగుతుంది, అదీ ఆయన ఉద్దేశించిన కంపరం కాదు. క్తుల్హులో కూడా చూడండి, రహస్యం తెలిసిన నార్వే నావికుడు వీధిలో పడిపోతే ఇద్దరు లాస్కర్ నావికులు లేవదీస్తారు, మనిషి చచ్చిపోతాడు, వాళ్లే చంపారని మనకి అర్థం కావాలి. లాస్కర్లంటే ఎవరు? ఇంగ్లీషువాళ్ల ఓడల్లో పనిచేసిన మన దేశపు జనం. మా కాలవల మీద లాకులు తిప్పేవాళ్లని ఇప్పటికీ లస్కరు అనే అంటాం, మా బావ కింద పదిమంది పనిచేశారు. మొదటిసారి ఆ వాక్యం దగ్గర బావ పుస్తకం మూసేశాడు. నాలుగు రోజులు తెరవలేదు.

మంచుకొండల జీవుల్ని చూసి వాళ్లూ మనుషులే అన్నవాడు ఇతనే. ఐదు మూలల తలకాయలున్న దానికి దక్కిన మర్యాద పక్క వీధిలో ఉన్న నల్లవాడికి దక్కలేదు. దీన్ని ఎలా సర్దుకోవాలో మాకు తెలియలేదు, సర్దుకోలేదు కూడా. వరల్డ్ ఫాంటసీ అవార్డుగా 1975 నుంచి లవ్‌క్రాఫ్ట్ తలబొమ్మే ఇచ్చేవారు, రచయితలు అభ్యంతరం చెప్పాక 2015లో మార్చేశారు. దానికి కోపం వచ్చి తన అవార్డులు వెనక్కి ఇచ్చేసినవాడు ఎవరనుకున్నారు? మనవాడే, ఎస్.టి. జోషి. పుణెలో 1958లో పుట్టి ఐదేళ్లప్పుడు అమెరికా వెళ్లి, లవ్‌క్రాఫ్ట్ కాయితాలున్నాయని ప్రావిడెన్స్‌లో బ్రౌన్ యూనివర్సిటీలోనే చదివి, అచ్చుతప్పులతో పాడైన కథల్ని చేతిరాతలతో పోల్చి సరిచేసి, రెండు సంపుటాల జీవితచరిత్ర రాసినవాడు. ఇవాళ మనం చదివే సరైన పాఠం ఈ జోషి పెట్టిన భిక్షే. అయినా అవార్డుల విషయంలో నేను జోషి వైపు కాదు. కథలు ఎలాగూ చదువుతాం, ఒక నల్లజాతి రచయిత్రి ఇంట్లో ఆ తలకాయ కూడా పెట్టుకోవాలా? మా అన్నయ్య కొడుకు విక్టర్ లావాల్ అనే నల్లజాతి రచయిత పుస్తకం తెచ్చిపెట్టాడు, 2016లో వచ్చింది, ఆ రెడ్ హుక్ కథనే నల్లవాడి వైపు నుంచి తిరగరాశాడు. అదీ జవాబంటే.

ఈ మనిషికి స్నేహితులు మాత్రం ప్రాణమిచ్చేవారు, అదో వింత. పదుల వేల ఉత్తరాలు రాశాడు. పోస్టుకార్డు అయితే అంచు దాకా చీమల బారులాంటి రాత, అడ్రసుకి ఎంత చోటు మిగిల్చాడో ఆ సార్టరునే అడగాలి. తిండి తగ్గించుకుని స్టాంపులు కొన్నాడు. కోనన్ కథల రాబర్ట్ హోవార్డ్‌తో ఆరేళ్లు ఉత్తరాలు నడిచాయి, ఇద్దరూ ఒక్కసారి కూడా కలవలేదు. రాబర్ట్ బ్లాక్ అనే పదహారేళ్ల కుర్రాడు ఉత్తరం రాస్తే పెద్దమనిషిలా ఓపిగ్గా కథలు దిద్దాడు. ఆ కుర్రాడు తర్వాత, మిమ్మల్ని నా కథలో చంపుకోవచ్చా అని అడిగితే, రాతపూర్వకంగా అనుమతి పత్రం పంపాడు, అందులో సాక్షి సంతకాలు తన కథల్లోని పాత్రలవి! తర్వాత బదులుగా ది హాంటర్ ఆఫ్ ది డార్క్‌లో రాబర్ట్ బ్లేక్ అని పేరు పెట్టి కుర్రాణ్ణి చంపేశాడు. సొంతంగా రాసిన ఆఖరి కథ అదే.

సరే, అసలు అడగదలచుకున్నది అడిగేస్తాను. ఆయన 1937లో పోయాడు, మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకి హక్కులు తీరిపోతాయి, అంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. మీ ఆదివారం అనుబంధంలో ఒక కథ తెలుగులో వేయండి. పొడుగు భయమైతే ది మ్యూజిక్ ఆఫ్ ఎరిక్ జాన్ ఉంది, చిన్న కథ. మూగ ముసలాయన అటక గదిలో రాత్రిళ్లు పిచ్చిగా వాయిస్తుంటాడు, కిటికీ అవతల ఏదో ఉంది, అది లోపలికి రాకుండా వాయిస్తున్నాడు. మీకు ఒక పేజీన్నర పడుతుంది.

అనువాదకులు దొరకరంటారేమో. బావ బలవంతం మీద రంగు కథని నేనే చేశాను, 200 పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో సగం పైగా నిండింది. కష్టం ఎక్కడంటే విశేషణాల దగ్గర. ఆయన ఒక్కో వాక్యంలో మూడు నాలుగు పోగేస్తాడు, అన్నీ తెలుగు చేస్తే కావ్యం అవుతుంది, తీసేస్తే చప్పబడుతుంది. సగం తీసేశాను, ఆయన బతికుంటే నన్నూ తిట్టేవాడు. నేహమ్ చచ్చిపోతూ పల్లెటూరి యాసలో చెప్పే మాటలు మాత్రం బాగా కుదిరాయి, మా ముంపు ఊళ్ల యాసలో పెట్టాం: "సల్లగా ఉంటాది, తడితడిగా ఉంటాది, కానీ కాలుద్ది." బావ చదివి ఏమీ అనలేదు, ఒక్క దీర్ఘం సరిచేశాడు.

టైపు చేయించమంటే చేయిస్తాను, కావాలంటే నోట్‌బుక్కే స్పీడ్ పోస్టులో పంపుతాను, ఈ మధ్య పార్శిళ్ల మీద నమ్మకం తగ్గింది. ఒక్కటే చిక్కు. రాతిలో ఉన్న గోళీ రంగు చెప్పే చోట "రంగు" అని రాస్తే మనవాళ్లు ఏ రంగు అని అడుగుతారు, ఆయనేమో పోలిక కోసం రంగు అన్నాను గానీ అది రంగే కాదంటాడు. మూడుసార్లు రాసి కొట్టేశాను. ప్రస్తుతం అక్కడ ఖాళీ వదిలాను. మీ డెస్కులో ఎవరికైనా మాట తడితే నింపి వేసుకోండి.

ఇట్లు,
పాత సార్టరు,
నిడదవోలు